మీటకీ మొహురికీ మధ్య

మొదట పట్టుకున్నది తవిటినాయుడే.
కాశీనగర్ పెళ్ళి ఊరేగింపులో, జనరేటర్ బండి పక్కన,
ప్యాడ్ మీద పుల్లలు ఆపి నాకేసి చూసి
"నీ మొహురి అన్నం తినొస్తందేట్రా?" అన్నాడు.

నిజమే.
నేను మీట నొక్కుతున్నాను, డోలు దెబ్బ పడిపోతోంది,
ఆ తర్వాతెప్పుడో
పిలవగా పిలవగా గడప దాటిన పెద్దమనిషిలా
స్వరం వస్తోంది.
రెండు నెలలుగా తాళాన్ని మోసం చేస్తూ
దెబ్బకంటే ముందే వేలు వేస్తున్నాను.
అదీ కుదరదు. ఒక్కో మీటకి ఒక్కో ఆలస్యం.
పంచమం తొందరగానే వస్తుంది. పై షడ్జం
గుణుపూర్ పాసింజరు.

ఇంటికొచ్చి లాప్‌టాప్ తెరిచాను.
బఫరు అయిదొందల పన్నెండు నుంచి నూట ఇరవై ఎనిమిదికి దించితే
వేడి పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు చిటపట.
రెండొందల యాభై ఆరు దగ్గర నోరు మూసుకుంది.
వైఫై ఆపాను. బ్లూటూత్ పెట్టె పక్కన పెట్టి తీగ తగిలించాను.
బాగుపడింది, కొంచెం.
మిగతా తప్పు యంత్రానిది కాదు,
నేను పట్టుకొచ్చిన శబ్దాలది.

ఆ శబ్దాలు దుర్జో నాయక్‌వి.
మూడేళ్ళ కిందట, వానాకాలం, కోళ్ళఫారం పక్క గదిలో
గోడలకి గోనెసంచులు కట్టి
ఒక్కో స్వరం అయిదేసిసార్లు ఊదించాను.
రోజుకి ఎనిమిదొందలు, అడిగినన్ని టీలు.
ముందుపళ్ళు రెండు కదులుతున్నాయని
అప్పుడు నాకు చెప్పలేదు.

తెర మీద పెద్దది చేసి చూస్తే
స్వరం కొండలా లేచే ముందు
కాస్త బల్లపరుపు నేల. నిశ్శబ్దం అనుకున్నాను.
హెడ్‌ఫోన్ పెట్టుకుని సౌండు పెంచితే
అది ఊపిరి తోక.
పీకని పెదాల మధ్య సర్దుకుని, ముక్కుతో లాగి,
ఒక చుక్క ఆగడం.
పై షడ్జానికి తొంభై మిల్లీసెకన్లు,
పంచమానికి ముప్పై.
ముసలాయనకి ఏ స్వరం ఎంత బరువో
అక్కడ రాసి ఉంది.

అంతా కోసేయాలి.
గీత సున్నాని దాటే చోటే కత్తెర పెట్టాలి,
లేకపోతే టిక్కుమంటుంది. మరీ లోపలికి కోస్తే
తొలి గరగర పోయి మొహురి కాస్తా హార్మోనియం అవుతుంది.
నూట పది ముక్కలు. మూడు రాత్రులు.
కోసిన తోకల్ని చెత్తబుట్టలో వేయబుద్ధికాక
ఒక ఫోల్డరులో పెట్టాను. పేరు మార్చలేదు,
"కొత్త ఫోల్డరు రెండు" అనే ఉంది.

మొన్న పర్లాకిమిడిలో రిసెప్షన్.
మీటా శబ్దమూ ఒకటే. వేలికి కరెంటు తగిలినట్టు.
తవిటినాయుడు ఏమీ అనలేదు, అంటే బాగుందని.
నాకే ఏదో ఇబ్బంది,
స్వరాలు తలుపు కొట్టకుండా లోపలికొచ్చేస్తున్నట్టు.

అప్పుడు చూశాను. మూడో వరస, ప్లాస్టిక్ కుర్చీ,
దుర్జో, ఒళ్ళో పలావు పళ్ళెం.
నోట్లో ముద్ద ఉంది. అయినా
ప్రతి ఎత్తుగడకీ ముందు ఆయన ఛాతీ లేస్తోంది,
ఆగుతోంది, నా వేలు పడుతోంది.
పై షడ్జానికి చొక్కా గుండీ తెగేటంత.
ఇక నేను డోలు వినడం మానేసి
ఆ గుండీని చూస్తూ వాయించాను.

అయిపోయాక చెయ్యి తుడుచుకుంటూ వచ్చి
ఒడియాలో అడిగాడు:
"ఎవడా ఊదింది? పనోడే.
దమ్ము తీసుకోవడమే రాదు వాడికి."

నువ్వే, అన్నాను.

నవ్వాడు. పళ్ళు లేని ఆ సందులోంచి
ముందు గాలి వచ్చింది,
నవ్వు కాస్త ఆలస్యంగా.